ప్రార్థనకు ముందు వచ్చిన అంకె

ఏడేళ్ళుగా ఒక అంకెను మోస్తున్నాను. నూట తొంభై రెండు. దాన్ని రాయవలసిన పుస్తకంలో రాయలేదు. ఆ గడిలో వేరే అంకె వేశాను. ఆ పుస్తకాన్ని నమ్మి డాక్టరు మందు పెంచలేదు. పన్నెండు రోజుల తర్వాత ఒక ఆడమనిషి చేపలు ఎండబెట్టే చోట పడిపోయింది. కుడి చెయ్యి పోయింది. కుడి కాలు పోయింది. మాట పోయింది. ఆమె బతికే ఉంది. మా ఊరి నుంచి వాళ్ళ పాలేనికి నడిచి వెళ్తే ఇరవై నిమిషాలు పడుతుంది.

ఆమె పడిపోయిన తర్వాత నేను చేసిన పని ఇంతకన్నా చెడ్డది. అది కూడా చెప్తాను. వరస తప్పితే చెప్పలేనేమో, అందుకని మొదటినుంచీ వస్తాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పడం లేదు. పేరు దాచుకుని ఒప్పుకుంటే అది ఒప్పుకోవడమేనా అని మీరు అడగవచ్చు. నన్ను నేను కూడా అడిగాను.

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె విరవకముందు పాస్టరు గారు అందరినీ తలలు వంచి, ఎవరిని వాళ్ళు పరీక్షించుకోమంటారు. ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. ఫ్యాను తిరిగే చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. ఆ నిమిషంలో నేను చిన్న చిన్న తప్పులన్నీ వెతికి తీసేదాన్ని. కోడలి మీద విసుక్కున్నది, జాకెట్టు కుట్టగా మిగిలిన గుడ్డ ముక్క కుట్టించుకున్నవాళ్ళకు ఇవ్వకుండా ఉంచుకున్నది. ఈ ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి నిమిషం అయిపోయేది. అయిపోయేదా, అయిపోయేదాకా నేనే ఆగేదాన్నా? ఎన్ని నెలలు అలా రొట్టె తీసుకున్నానో లెక్క పెట్టుకోవడానికి కూడా భయం.

మా నాన్న ఉపదేశి. చిట్టమూరు వైపు పల్లెల్లో సైకిలు మీద తిరిగి వాక్యం చెప్పేవాడు. వర్షానికి తడిసిన పంచెతోనే ఇంటికొచ్చి, అన్నం తినకముందు నా చేత వాక్యాలు అప్పజెప్పించుకునేవాడు. ఒక్క మాట అటూ ఇటూ అయినా ఒప్పుకునేవాడు కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలమ్మా, మన సొంతం కలపకూడదు అనేవాడు. పదో తరగతి దాకా చదివించాడు. పెళ్ళయి ఈ ఊరు వచ్చాక బట్టలు కుట్టుకుంటూ, స్త్రీల కూడిక నడిపేదాన్ని. అలాంటి తండ్రికి పుట్టిన దాన్ని. అందుకే తెలియక చేశాను అని చెప్పుకోలేను.

ఆ రోజుల్లో పట్నం నుంచి ఒక ఆసుపత్రి వ్యాను నెలకొకసారి మా పంచాయతీ అరుగు దగ్గరికి వచ్చేది. కూలికి పోయేవాళ్ళు, చేపలవాళ్ళు వచ్చి బీపీ చూపించుకునేవాళ్ళు. నెలకొకసారి చూస్తే అసలు సంగతి తెలియడం లేదని, ఎవరింట్లో వాళ్ళు రోజూ చూసుకుంటే మేలని డాక్టరు గారు ఎనిమిది చిన్న మిషన్లు ఇచ్చారు. డబ్బున్నవాళ్ళు కొనుక్కుంటారు, లేనివాళ్ళకు ఎవరిస్తారు అన్నాడాయన. ఆ మాట నాకు నచ్చింది. వాటిని ఇళ్ళలో అలవాటు చేసే పని నేనే అడిగి తీసుకున్నాను. జీతం లేదు. సేవ అనుకున్నాను.

వాళ్ళతో వచ్చే నర్సమ్మ నాకు రెండు రోజులు నేర్పింది. చిన్న పిల్ల, నెల్లూరు అమ్మాయి. మనిషిని కుర్చీలో వెనక్కి ఆనించి కూర్చోబెట్టాలి. పాదాలు నేలకు ఆనాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. అయిదు నిమిషాలు మాట్లాడకుండా ఊరుకోవాలి. అప్పుడు ఒకసారి చూడాలి, ఒక నిమిషం ఆగి ఇంకోసారి చూడాలి. రెండూ రాయాలి. అందుకే పుస్తకంలో పూటకు రెండు గడులు గీశారు. నచ్చింది ఒక్కటే రాస్తే అది బీపీ పుస్తకం కాదక్కా, పెళ్ళిచూపులకు పంపే ఫోటో అని నర్సమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

జనం మొదట దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. చేతికి చుట్టే పట్టీ గాలి నింపుకుని బిగుసుకుంటుంటే ఒక ముసలాయన పీత పట్టిందని అరిచాడు. చేపల పాలెంలో చాలా ఇళ్ళలో కుర్చీయే లేదు. మా మందిరంలోని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి అడిగి తీసుకుని, నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగేదాన్ని. బీపీ అక్క వస్తా ఉండాది, సింహాసనం తెస్తా ఉండాది అని ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆ ఎగతాళి నాకు బాగుండేది. నిజం చెప్పాలంటే ఆ కొద్ది వారాలూ నేను మంచి పనే చేశాను. ఇది చెప్పడం నన్ను నేను వెనకేసుకురావడానికి కాదు. మంచి పనిలోనే కదా తప్పు దూరింది, అది ఎక్కడ దూరిందో వెతుక్కుంటున్నాను.

పాలెంలో ముందుగా చెయ్యి చాపింది ఒకామె. ఆమెను పెంచలమ్మ అంటాను. అసలు పేరు అది కాదు. అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. భర్త సరస్సులో వల వేస్తాడు. ఆమె చేపలు ఎండబెట్టి, గంపలో పెట్టుకుని, దొరవారిసత్రం దాకా ఊళ్ళు తిరిగి అమ్మేది. నోరు గలది. పట్టీ బిగుసుకుంటుంటే, గాజులేసే ఆయన గూడా ఇంత గట్టిగా చెయ్యి పట్టుకోడక్కా అని నా మొహంలోకి చూసి నవ్వింది. వాళ్ళ దేవతలు వాళ్ళకున్నారు. మా మందిరం మెట్టు ఎప్పుడూ ఎక్కలేదు.

ఆ మొదటి రోజు నేను అయిదు నిమిషాలు ఆగలేదు. ఆమె గంప దించి వచ్చి కూర్చోగానే మీట నొక్కాను. పైది నూట ఎనభై నాలుగు వచ్చింది. పెంచలమ్మకు రాయడం రాదు గాని అంకెలు తెలుసు. చూసి నవ్వు ఆపేసింది. తలనొప్పి రోజూ ఉంటుందని, తలకు గుడ్డ కట్టుకుని తిరుగుతానని అప్పుడు చెప్పింది. భయపడిన మనిషిని చూస్తే నాకు చేతనయ్యేది ఒక్కటే. ఆమె రెండు చేతులూ పట్టుకుని ప్రార్థన చేశాను. నా ప్రార్థనలు పొడవు. పది నిమిషాలు అయి ఉంటుంది. కళ్ళు తెరిచి మళ్ళీ మీట నొక్కాను. నూట యాభై ఎనిమిది.

మీ దేవుడు మాట వింటాడే అక్కా, అంది పెంచలమ్మ.

కదలకుండా ఊరుకుంటే అంకె దిగుతుందని నర్సమ్మ చెప్పింది నాకు తెలుసు. తెలిసే ఉంది. ఆ క్షణంలో తెలియనట్టే ఉన్నాను. పుస్తకంలో రెండు గడుల్లోనూ రెండో అంకెనే వేశాను.

ఆదివారం, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. నూట ఎనభై నాలుగు నుంచి నూట యాభై ఎనిమిది అని అంకెలతో సహా చెప్పాను. మందిరం అంతా స్తోత్రం అంది. ఆ మరుసటి ఆదివారం పెంచలమ్మ వచ్చింది. గంప బయట పెట్టి, తలుపు పక్కన, చెప్పుల దగ్గర కూర్చుంది. మా నాన్న ముప్పై ఏళ్ళు సైకిలు తొక్కినా ఇలాంటి పాలెం నుంచి ఒక్క మనిషిని లోపలికి తేలేకపోయాడు. నేను తెచ్చాను. తప్పు దూరింది ఇక్కడే. ప్రభువు తెచ్చాడు అని పైకి అన్నాను. నేను తెచ్చాను అని లోపల అనుకున్నాను.

ఎనిమిదింటిలో ఒక మిషను పెంచలమ్మ ఇంట్లోనే ఉంచాను, ఆమెకు రాయడం రాదు కాబట్టి నేనే రోజూ వెళ్ళి చూసి రాసేదాన్ని. ఆ తర్వాత అదే పద్ధతి అయిపోయింది. మిషనుతో చూడడం, ప్రార్థన చేయడం, మళ్ళీ చూడడం. దిగితే రాయడం. దిగకపోతే ఇంకో ప్రార్థన, ఇంకోసారి చూడడం. అన్నిట్లోకీ తక్కువ వచ్చిన రెండూ రెండు గడుల్లోకి వెళ్ళేవి. మిగతావి ఎక్కడికీ వెళ్ళేవి కావు. మా కూడికలోని ఆడవాళ్ళు కూడా నాకూ అలాగే చూడక్కా అని అడిగారు. వాళ్ళ పుస్తకాలూ అలాగే నిండాయి.

ఒక పొద్దున పెంచలమ్మ ఇంటి ముందు, వల నీడలో కూర్చుని చూస్తున్నాను. ఆ రోజు వచ్చింది నూట తొంభై రెండు. ప్రార్థన తర్వాత నూట డెబ్భై ఆరు. ఇంకో ప్రార్థన తర్వాత నూట అరవై ఎనిమిది. నాలుగోసారి నూట నలభై ఆరు. నాలుగోసారి పట్టీ మోచేతి మీదికి జారి ఉంది. చూశాను. సరిచేయలేదు. పుస్తకం తీసి నూట నలభై ఆరు రాస్తున్నాను. ఆమె వంగి చూసింది.

"అక్కా, ముందొచ్చింది గూడా రాయి" అంది.

"అదెందుకు?"

"అది గూడా నాదే గదా."

"అది నీది కాదు, అపవాదిది, ఆ సాతానుది. ప్రార్థన తర్వాత వచ్చిందే ప్రభువు ఇచ్చింది. రెండూ ఒక కాగితం మీద ఎట్టా రాసేది?"

పెంచలమ్మ ముక్కు మీద వేలేసుకుని నవ్వింది. "రొయ్యలు కొనే సేటు గూడా ఇంతేనక్కా. తక్కెడలో రెండు తూర్లు ఏస్తాడు. తక్కువొచ్చిందే రాసుకుంటాడు."

నాకు కోపం వచ్చింది. దొంగ తక్కెడ దేవునికి ఎంత అసహ్యమో చిన్నప్పుడే అప్పజెప్పిన దాన్ని. ఆ మాట చేపలమ్ముకునే మనిషి నోటి నుంచి, నా మొహం మీదికి, నవ్వుతూ వచ్చింది. విశ్వాసం తక్కువైతే అంకె మళ్ళీ పెరుగుతుంది, అలా మాట్లాడకు అన్నాను. ఆమె నవ్వు ఆపేసింది. నొచ్చుకుందో, భయపడిందో ఇప్పటికీ తెలియదు. సరిగ్గా అక్కడ నేను ఆగి ఉంటే. పుస్తకంలో పక్కన, అంచు మీదనైనా, ఆ అంకె వేసి ఉంటే. గడి లేకపోలేదు. గీసిన మొదటి గడి అప్పటికింకా ఖాళీగానే ఉంది.

తర్వాతి నెల వ్యాను వచ్చిన రోజు పెంచలమ్మ పుస్తకం పట్టుకుని వరసలో నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. అరుగు మీద చూస్తే నూట డెబ్భై పైన వచ్చింది. డాక్టరు గారు పుస్తకం తిరగేశాడు. అన్నీ మంచి అంకెలు. ఎండలో గంప మోసుకుని నడిచి వచ్చింది, డాక్టర్ని చూస్తే కొందరికి పెరుగుతుంది కూడా, అందుకే ఇంట్లో చూసిన అంకెనే నేను నమ్ముతాను అన్నాడు. ఆయన తప్పు లేదు. ఆ మిషన్లు ఇచ్చిందే ఆ నమ్మకంతో. నర్సమ్మ మాత్రం పుస్తకం తీసుకుని కొంచెం ఎక్కువసేపు చూసింది. చూసినవి చూసినట్టే రాశారా అక్కా అని అడిగింది.

అవునమ్మా అన్నాను.

పెంచలమ్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేదు. ఆమె తలమీది చుట్టగుడ్డ సర్దుకుంది. అంత నోరు గల మనిషి, ఒక్క మాటతో నన్ను అందరి ముందు నిలబెట్టగలిగిన మనిషి, నా పరువు కాపాడింది. బీపీకి అప్పటికే రోజూ ఒక బిళ్ళ వేసుకునేది. అదే వేసుకోమన్నారు. రెండోది రాయలేదు.

ఎందుకు అవునన్నాను? ఏడేళ్ళుగా అడుగుతున్నాను. నేను చెప్పిన సాక్ష్యం అప్పటికే చుట్టుపక్కల సంఘాలకు పాకింది. మొదటి అంకెలు బయటికి వస్తే ఆ సాక్ష్యం సగం అయిపోతుందని భయపడ్డాను. ప్రార్థన వ్యర్థం కాదు. అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. కాని రెండు అంకెలు రాస్తే దేవుడికి వచ్చే నష్టం ఏమిటి? ప్రార్థనకు ముందు జబ్బు ఉందని రాస్తే ఆయన చిన్నవాడైపోతాడా? ఆయన పరువు కాపాడే పని నాకు ఎవరిచ్చారు? నేను కాపాడుకున్నది ఆయన పరువు కాదు. అది నాకు అప్పుడు కూడా, ఎక్కడో అడుగున, తెలుసు.

ఆ మధ్యలో ఒకసారి తలనొప్పి తగ్గడం లేదని, నాయుడుపేట ఆసుపత్రికి పోయి చూపించుకుంటానని పెంచలమ్మ అంది. అంకెలు బాగానే ఉన్నాయి కదా, ఎందుకు దండగ అన్నాను. నేను రాసిన అంకెలను నేనే నమ్మాను. అబద్ధం చెప్పినవాళ్ళకు ఆ ఒక్క శిక్ష త్వరగా పడుతుందనుకుంటాను.

వ్యాను వచ్చిన పన్నెండో రోజు పొద్దున పది గంటలకు ఆమె పడిపోయింది. చేపలు తిరగేస్తూ ముందుకు ఒరిగిందట. ఎండ తగిలిందనుకుని నీళ్ళు చల్లారట. మూతి పక్కకు పోయిందని ఎవరో చూసేసరికి ఆలస్యమైంది. భర్త ఆటోలో నాయుడుపేటకు, అక్కడి నుంచి నెల్లూరుకు తీసుకుపోయాడు.

రెండు రోజులు ఆగి నేను నెల్లూరు వెళ్ళాను. మంచం మీద ఉంది. నన్ను చూడగానే ఎడమ చెయ్యి ఎత్తింది. ఏదో చెప్పాలని గొంతు పైకి తెచ్చుకుంది. మాట రాలేదు. ముక్కతో ముక్క కలవని చప్పుడు వచ్చింది. అక్కను గుర్తుపట్టింది, నమస్తే చెప్తా ఉండాది అన్నారు ఆమె చుట్టాలు. నమస్తే కాదని నాకు తెలుసు. ఆమె ఎడమ చెయ్యి చూపిస్తున్నది తన కుడి చేతినే, నేను పట్టీ చుట్టిన చోటునే.

అప్పుడు నా గుండెలో కలిగిందేమిటో చెప్తాను. దీన్ని ఎవరితోనూ అనలేదు. ప్రార్థనలో కూడా మాటల్లో పెట్టలేదు. జాలి కలిగింది, భయం కలిగింది, వాటి కింద ఇంకొకటి. ఇక ఈమె ఎవరికీ చెప్పే వీల్లేదు అనుకున్నాను. అనుకోగానే గుండె తేలికైంది. ఒక మనిషి మాట పోయినందుకు నాకు ఊరట కలిగింది.

ఇంటికి వచ్చి, పాలెం వెళ్ళి ఆమె మిషను తెచ్చుకున్నాను. ఆ మిషన్లలో చూసిన ప్రతి అంకే లోపల ఉండిపోతుంది. ఒక మీట నొక్కితే ఒకటొకటిగా కనిపిస్తాయి. నేను అన్నీ చూశాను. నూట తొంభై రెండు ఉంది. నూట ఎనభై తొమ్మిది ఉంది. నూట ఎనభై ఒకటి ఉంది. నేను రాయనివన్నీ అది దాచిపెట్టింది. ఆ మీటను అలాగే నొక్కి పట్టుకుంటే అన్నీ చెరిగిపోతాయని నర్సమ్మ నేర్పిన రెండు రోజుల్లో అది కూడా నేర్పింది. నొక్కి పట్టుకున్నాను. ఎంతసేపో పట్టలేదు.

మర్నాడు సంగతి తెలిసి నర్సమ్మ వచ్చింది. పుస్తకం చూసింది. మిషను అడిగి మీట నొక్కింది. ఖాళీ. ఎవరు చెరిపారు అక్కా అని అడిగింది. గట్టిగా కూడా అడగలేదు.

పెంచలమ్మే తెలియక ఏదో నొక్కి ఉంటుందమ్మా అన్నాను.

నోరు పోయి మంచంలో ఉన్న మనిషి మీద వేశాను. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ నాకు నాలుగేళ్ళ వయసు నుంచి కంఠతా వచ్చు.

అక్కడితో ఆగలేదు. ఆ మాటకు కాళ్ళు వచ్చాయి. మిషను వాడడం చేతగాక ఏవేవో నొక్కుకుందని, తప్పుగా చూసుకుందని పాలెంలో అన్నారు. ఉప్పుచేపలు మానమంటే మానలేదని మా కూడికలో అన్నారు. బాప్తిస్మం తీసుకోకుండా నాన్చింది కాబట్టే అలా అయిందని ఒకామె అంది. అప్పుడు కూడా నేను తల వంచుకునే ఉన్నాను. ఆమె భర్త ఆమెను కూర్చోబెట్టి అన్నం తినిపిస్తూనే తిట్టేవాడని విన్నాను. నీ చేతులారా తెచ్చుకున్నావు, చెప్పినట్టు చేసుంటే ఇట్టా అయ్యేదా అని. మంచివాడే. అలసిపోయిన మంచివాడు.

పాలెం వాళ్ళు మిషన్లన్నీ తిరిగి ఇచ్చేశారు. అది ఇంట్లో ఉంటే పక్షవాతం వస్తుందని అనుకున్నారు. కొన్నాళ్ళకు వ్యాను కూడా రావడం మానేసింది. నేను స్త్రీల కూడిక నడపడం మానుకున్నాను. అందరూ దాన్ని వినయం అనుకున్నారు. అదీ కాదనలేదు. మా ఊళ్ళో మాత్రం ఎవరు అడిగినా ఇప్పటికీ బీపీ చూస్తాను. అయిదు నిమిషాలు ఆగుతాను. వచ్చింది వచ్చినట్టు రాస్తాను, ఎంత భయపెట్టేదైనా. చూసే ముందు ప్రార్థన చేస్తాను. చూసిన తర్వాత చేయను. దీనివల్ల పెంచలమ్మకు ఏమీ రాదు. నాకు తెలుసు.

పోయిన నెల ఆమె భర్త పడవలోంచి దిగుతూ కళ్ళు తిరిగి ఒడ్డున కూలబడ్డాడని విన్నాను. ఊళ్ళోకి వచ్చే ఆరోగ్య కార్యకర్త బీపీ చూస్తానంటే చెయ్యి ఇవ్వలేదట. మా ఇంటిదాన్ని ఆ మిషనే తినేసింది, నన్ను గూడా తినాల్నా అన్నాడట. ఆ మాట విన్నాక రెండు రోజులు అన్నం సహించలేదు. ఆయన ఒంట్లో ఇప్పుడు ఏ అంకె ఉందో ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసింది నేను. నేను నోరు మూసుకుని ఉంటే ఆ ఇంట్లో రెండో మనిషి కూడా పడిపోతాడు. ఇన్నేళ్ళూ పశ్చాత్తాపం నన్ను కదిలించలేదు. ఈ భయం కదిలించింది. అది కూడా ఉన్నది ఉన్నట్టే చెప్తున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆయన గడప దగ్గర వల బాగుచేసుకుంటున్నాడు. పెంచలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు చాలా తెల్లబడింది. నేను కింద కూర్చుని ఇద్దరికీ కలిపి చెప్పాను. మొదటి అంకెల సంగతి. నర్సమ్మకు అవునన్న సంగతి. మిషనులో చెరిపిన సంగతి. ఆమె మీద వేసిన సంగతి. ఆమె ఏమీ తప్పు చేయలేదు, ముందొచ్చింది కూడా రాయమని నన్ను అడిగింది కూడా అని చెప్పాను. నాయుడుపేట పోతానంటే ఆపింది నేనని చెప్పాను. ఆసుపత్రిలో నాకు కలిగిన ఊరట ఒక్కటే చెప్పలేదు. అది ఇక్కడ మీకే చెప్పాను.

ఆయన చేతిలోని వల వదిలేశాడు. నా వైపు చూడలేదు. ఆమె వైపే చూస్తూ, చాలా నెమ్మదిగా, "ఏడేళ్ళు దాన్ని తిట్టినానే" అన్నాడు. లేచి నీళ్ళ వైపు వెళ్ళిపోయాడు.

పెంచలమ్మ నన్ను చూసి "సరే" అంది.

పొరపాటు పడకండి. ఆమెకు తిరిగి వచ్చింది ఆ ఒక్క మాటే. అన్నం పెడితే సరే అంటుంది. కాలు నొప్పెడితే సరే అంటుంది. కోళ్ళను తోలాలన్నా సరే అంటుంది. ఆమె కళ్ళలోకి చూశాను, చాలాసేపు చూశాను. ఈసారి ఆ మాటకు అర్థం ఏమిటో నాకు తెలియలేదు. నాకు కావలసిన అర్థం తీసుకోవడం తేలిక. తీసుకోలేదు. నేను లేచి వస్తుంటే, నా నీడ తన మీది నుంచి తొలగినందుకు కూడా ఆమె సరే అంది.

ఆయన ఇంకా చెయ్యి చూపించుకోలేదు. మళ్ళీ ఆ ఇంటికి రమ్మని నన్ను ఎవరూ పిలవలేదు. సంఘంలో ఇంకా చెప్పలేదు. చెప్పాలి. ఎలా చెప్తానో తెలియదు. చెప్తానో లేదో కూడా మీకు మాట ఇవ్వలేను. నా మాటకు విలువ ఎంతో మీరు ఇంతదాకా చదివారు.

క్షమాపణ గురించి నాకు చాలా వాక్యాలు వచ్చు. వాటిలో ఏదీ ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. అవి నిజం కావని కాదు. నేను వాటిని పలికితే ఆ బీపీ పుస్తకంలో మళ్ళీ నాకు నచ్చిన అంకె రాసుకున్నట్టు ఉంటుంది.

పాలెం నుంచి తిరిగి వచ్చే దారిలో ప్రార్థన చేయలేదు. చేస్తే ఏమి అడగాలో తోచలేదు. ఎండలో నడిచి వచ్చాను. ఆ ఇంట్లో ఇక తిట్లు ఆమెకు తగలవు. తిడితే నన్ను తిడతారు. ఏడేళ్ళకు అవి చేరవలసిన చోటికి చేరాయి. ఇంటికి వచ్చి నీళ్ళు తాగి, కుట్టు మిషను ముందు కూర్చున్నాను. చాలా కాలం తర్వాత ఊపిరి లోపలిదాకా వెళ్ళింది.